రేకుల షెడ్డు, లేతు మిషన్, కొత్త కుర్రాడు

లేతు (లోహపు ముక్కను తిప్పుతూ చెక్కే మిషన్) మీద కొత్తగా చేరిన కుర్రాడు మూడు నెలలు తిరక్కుండానే పెట్టె సర్దుకుని ఊరి బస్సెక్కితే షెడ్డులో అందరూ ఒకే మాట అనేవారు: "వాడికి పని మీద మనసు లేదు." 1980ల్లో, 90ల్లో హైదరాబాద్‌లోని బాలానగర్, ఫతేనగర్, సనత్‌నగర్, ఆజామాబాద్, జీడిమెట్ల, ఏ సందులోని వర్క్‌షాపులో నిలబడ్డా ఈ మాట చెవినపడేది. ఆ మాట నిజం కాదని ఇన్నేళ్ల తర్వాతైనా చెప్పాలనిపిస్తోంది. ఆ కుర్రాళ్లకు మనసు ఉంది. తప్పు జరిగిన ప్రతిసారీ వాళ్లకు తిట్టు దొరికింది కానీ, అది ఎందుకు జరిగిందో చెప్పేవాళ్లు దొరకలేదు. పద్దెనిమిదేళ్ల పిల్లాడు తిట్టు భరిస్తాడు. కారణం తెలియని తప్పునే భరించలేడు, ఎందుకంటే అది రేపు మళ్లీ జరుగుతుందని వాడికి తెలుసు.

నల్లగొండ, మహబూబ్‌నగర్, మెదక్, కరీంనగర్ పల్లెల నుంచి ఎక్కువ మంది వచ్చేవారు. పదో తరగతి, తర్వాత ఐటీఐలో టర్నర్ (లేతు పని) ట్రేడు. అప్రెంటిస్ చట్టం (1961) కింద హెచ్‌ఎంటీ, ప్రాగా టూల్స్, బీహెచ్‌ఈఎల్ లాంటి ప్రభుత్వ కంపెనీల్లో ఒక ఏడాది దొరికితే ఇంట్లో పండగే. ఆ ఏడాది మంచి మిషన్లు, మంచి కొలత సామాను, యూనిఫాం, క్యాంటీన్ భోజనం. అయితే శిక్షణ పూర్తయిన అప్రెంటిస్‌కు ఉద్యోగం ఇచ్చి తీరాలన్న బాధ్యత యజమానికి లేదని అదే చట్టంలో రాసి ఉండేది. ఏడాది చివరిరోజు గేటు దాటిన కుర్రాడు సర్టిఫికెట్ పట్టుకుని నేరుగా బాలానగర్ సందుల్లోకి వచ్చేవాడు. అక్కడ వాడు టర్నర్ కాదు, హెల్పర్. మొదటి దెబ్బ అదే.

హెల్పర్ పని పొద్దున్నే ట్రేలో చిప్స్ (లోహపు తురుము) ఎత్తడంతో మొదలవుతుంది. తర్వాత చాయ్ తేవడం, రాడ్డు కోయడం. పవర్ హాక్సా (కరెంటు రంపం) ఖాళీ లేకపోతే 50 మి.మీ. మైల్డ్ స్టీల్ రాడ్డును చేత్తోనే కోయాలి. సగం తెగాక బ్లేడు అరుగుతుంది. కొత్త బ్లేడు బిగించి అదే గాడిలో పెట్టి లాగగానే టప్‌మని విరుగుతుంది. "బ్లేడు విరగ్గొట్టాడు" అని లెక్క రాస్తారు. అసలు సంగతి, బ్లేడు పళ్లు కుడికీ ఎడమకీ కొద్దిగా వంచి ఉంటాయి. బ్లేడు అరిగేకొద్దీ ఆ వంపు తగ్గి, అది కోసే గాడి సన్నబడుతుంది. పూర్తి వంపున్న కొత్త బ్లేడు ఆ సన్న గాడిలో పట్టేసి విరుగుతుంది. రాడ్డును కాస్త తిప్పి పక్క నుంచి కొత్త గాడి మొదలుపెడితే ఏ గొడవా లేదు. చెప్పడానికి అర నిమిషం పట్టని ఈ విషయం తెలియక ఎన్ని బ్లేడ్ల డబ్బు కూలిలోంచి కోతపడిందో!

ఆకురాయి కూడా అంతే. ముందుకు తోసేటప్పుడే అది కోస్తుంది. వెనక్కి లాగేటప్పుడు బరువు వేస్తే పళ్లు మొద్దుబారడమే తప్ప పని జరగదు. మెత్తని లోహం పళ్ల మధ్య ఇరుక్కుంటే నున్నగా రావాల్సిన జాబ్ (తయారవుతున్న ముక్క) మీద గీతలు పడతాయి. ఆకురాయికి ముందే సుద్ద రాసుకుని, మధ్యమధ్య వైరు బ్రష్‌తో దులుపుకోవాలి. వైస్ (ముక్కను బిగించే పట్టు) ఎత్తు మనిషి మోచేతికి సమానంగా ఉండాలి. షెడ్డులో వైస్ ఎవరి ఎత్తుకు బిగించి ఉందో వాళ్లు ఎప్పుడో మానేసి ఉంటారు. పొట్టి కుర్రాడు దాని మీద రుద్దితే చేయి పైకీ కిందికీ ఊగి, చదునుగా ఉండాల్సిన ముఖం మధ్యలో ఉబ్బుతుంది. మూలమట్టం ఆనించి వెలుగుకు పట్టి చూస్తే రెండు చివర్లా సందు కనపడుతుంది. "చేతికి నిలకడ లేదు" అంటారు. కాళ్ల కింద ఒక చెక్క పీట వేసి ఉంటే నిలకడ అదే వచ్చేది.

ఎప్పుడో ఒకరోజు, ఆపరేటర్ రానప్పుడు, వాడిని లేతు ఎక్కిస్తారు.

బాటాలా, లూధియానా, రాజ్‌కోట్ నుంచి వచ్చిన లేతులు చిన్న షెడ్లలో ఎక్కువ. హెచ్‌ఎంటీ వాళ్ల ఎల్‌బీ-17 ఉన్న షెడ్డు అంటే కాస్త గొప్ప షెడ్డు కింద లెక్క. పాత లేతుకు రోజూ పని జరిగే చోటు, అంటే జాబ్‌ను పట్టి తిప్పే చక్ దగ్గర, బెడ్ (టూల్ బండి జరిగే పట్టాలు) అరిగి ఉంటుంది. టూల్‌ను అడ్డంగా జరిపే క్రాస్ స్లైడ్ స్క్రూలో పావు చుట్టు ఆట, అంటే వదులు, ఉంటుంది. ఉస్తాద్‌కు అవన్నీ చేతికి తెలుసు. ఇరవై ఏళ్లుగా ఆయన చేయి ఆ అరుగుదలను సర్దుకుంటూ వచ్చింది. కుర్రాడికి మాత్రం డయల్ మీద గీతలే సత్యం. 0.10 మి.మీ. తీయబోయి రెండు గీతలు ఎక్కువ తిప్పాడనుకోండి, వెంటనే రెండు గీతలు వెనక్కి తిప్పి సరిచేశాననుకుంటాడు. డయల్ వెనక్కి వచ్చింది, టూల్ రాలేదు. ఆట ఉన్న స్క్రూలో అర చుట్టుకు పైగా వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు వస్తూ గీత పట్టుకోవాలి.

డయల్ దగ్గర ఇంతకన్నా పెద్ద గుంట ఒకటి ఉంది. కొన్ని లేతుల్లో డయల్ మీది అంకె జాబ్ వ్యాసంలోంచి తగ్గేది. కొన్నింట్లో అది టూల్ జరిగిన దూరం, అంటే వ్యాసంలోంచి దానికి రెట్టింపు పోతుంది. రెండు రకాలూ పక్కపక్కనే ఉండే షెడ్లు ఉండేవి. వారం రోజులు ఒకదాని మీద చేయి కుదిరిన కుర్రాడిని "ఇవాళ దాని మీదకు పో" అని పంపుతారు, డయల్ సంగతి చెప్పరు. 0.50 తీయమంటే ఒక మి.మీ. పోతుంది, జాబ్ స్క్రాప్ అవుతుంది. ఫోర్‌మన్ ఆ ముక్కను అందరి ముందు బెంచీ మీద ఠంగుమని పడేస్తాడు. ఆ చప్పుడు తర్వాత మధ్యాహ్నం డబ్బా తెరిచి తినడం కష్టం.

కొలత తప్పులకు కూడా ఇలాంటి లెక్కే ఉంది. మైక్రోమీటర్ (మి.మీ.లో వందో వంతు కొలిచే పనిముట్టు) థింబుల్, అంటే తిరిగే గొట్టం, ఒక చుట్టు తిరిగితే 0.50 మి.మీ. దాని మీద 50 గీతలు, ఒక్కోటి 0.01. తిరగని గొట్టం, అంటే స్లీవ్ మీద పైన పూర్తి మి.మీ. గీతలు, కింద అర మి.మీ. గీతలు. చిక్కంతా థింబుల్ 46, 47, 48 దగ్గర ఉన్నప్పుడు వస్తుంది. అర గీత ఇంకా రాలేదు, కానీ దాని అంచు తొంగి చూస్తూ ఉంటుంది. నిజంగా 25.47 ఉన్న జాబ్‌ను కుర్రాడు 25.97 అని చదువుతాడు. 25.00 రావాలి కాబట్టి 0.97 తీసేస్తాడు. 24.50కి దిగిపోయిన ముక్కను చేతిలో పట్టుకుని, తాను లెక్క ప్రకారమే చేశానని ప్రమాణం చేస్తాడు. నిజంగానే లెక్క ప్రకారమే చేశాడు పాపం. ముందు వెర్నియర్ (జరిగే దవడలున్న స్కేలు)తో ఒకసారి చూసి, తర్వాత మైక్రోమీటర్ పెట్టమని చెప్పి ఉంటే అర మి.మీ. తేడా వెర్నియరే పట్టిచ్చేది. వెర్నియర్ ఉస్తాద్ పెట్టెలో ఉండేది, పెట్టెకు తాళం ఉండేది.

అన్నింటికన్నా మనసు విరిచేది వేడి జాబ్. సాయంత్రం కుర్రాడు ఇరవై పిన్నులు తిప్పుతాడు. 50 మి.మీ. వ్యాసం, h7 (చిన్న హెచ్) టాలరెన్సు, అంటే 50.000 నుంచి 49.975 లోపు ఉండాలి. ప్రతి ఒక్కటీ కొలిచి, 49.99 చూసి, తృప్తిగా వరసగా పేర్చి పోతాడు. పొద్దున్నే ఇన్‌స్పెక్షన్‌లో ఇరవైకి ఇరవై తిరస్కరిస్తారు. మిషన్ మీంచి అప్పుడే దింపిన ఉక్కు గది వేడి కన్నా 40 డిగ్రీలు ఎక్కువుంటే 50 మి.మీ. దగ్గర దాదాపు 0.023 మి.మీ. ఉబ్బి ఉంటుంది. చల్లారేసరికి అది 49.967కు దిగుతుంది. చివరి ఫినిషింగ్ కోతకు ముందు జాబ్‌ను చల్లారనివ్వాలి, లేదా కూలెంట్ (చల్లబరిచే ద్రావణం) బాగా పోసి గది వేడికి తెచ్చి కొలవాలి. మే నెలలో రేకుల షెడ్డు కింద, గది గోడే కాలిపోతుంటే, ఇది ఇంకా మోసం చేస్తుంది. ఆ ఇరవై పిన్నుల దెబ్బకు మానేసిన వాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లలో మంచి టర్నర్లు కాగలిగిన వాళ్లు ఉన్నారని నా గట్టి నమ్మకం. ఇరవై ముక్కలూ ఒకే కొలతకు తెచ్చిన చేయి మామూలు చేయి కాదు కదా. అన్నీ ఒకేలా తప్పాయంటే చేయి సరిగ్గానే ఉంది, కొలిచిన వేళ తప్పు.

టేపర్ (ఒక కొస లావు, ఒక కొస సన్నం) కూడా అలాంటిదే. చక్ లోంచి 25 మి.మీ. రాడ్డు 150 మి.మీ. బయటికి ఉంచి, వెనక సెంటర్ ఆనించకుండా తిప్పితే కొస వైపు లావు వస్తుంది. టూల్ నెట్టినప్పుడు కొస పక్కకు తప్పుకుంటుంది, కోత తక్కువ పడుతుంది. వ్యాసానికి మూడు నాలుగు రెట్లు మించి బయటికి ఉంటే టెయిల్ స్టాక్ (కొసకు సెంటర్ ఆనించే వెనక భాగం) ఆసరా ఉండాల్సిందే. ఆసరా ఇచ్చాక కూడా టేపర్ వస్తుంటే టెయిల్ స్టాకే వరస తప్పి ఉంది. టెస్ట్ బార్ పెట్టి, డయల్ గేజ్ నడిపి సరిచేయాలి. ఆ పని కుర్రాడిది కాదు. కానీ తిట్టు వాడిదే.

మర (స్క్రూ గాడి) తీయడం గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. లీడ్ స్క్రూ (టూల్‌ను నడిపే పొడవాటి స్క్రూ) అంగుళాల లెక్కది అయి, తీయాల్సిన మర మెట్రిక్ అయితే, దాన్ని పట్టుకునే హాఫ్ నట్ ఒకసారి వేశాక తెరవకూడదు. ప్రతి కోత తర్వాత టూల్ వెనక్కి లాగి, మోటార్ రివర్స్ తిప్పి మొదటికి రావాలి. తెరిచి మళ్లీ వేస్తే టూల్ పాత గాడిలో పడదు, మర మీద మర పడుతుంది. ఎం20 మరకు 1.53 మి.మీ. లోతు, పది పన్నెండు కోతలు. పదో కోత దగ్గర, అలవాటుగా, చేయి లీవర్ మీదికి పోతుంది.

ఇక కరెంటు. కోత మధ్యలో కరెంటు పోతే జాబ్ ఆగిపోతుంది, టూల్ మొన దాంట్లో కరుచుకుని ఉండిపోతుంది. కరెంటు రాగానే అలాగే స్విచ్ వేస్తే కార్బైడ్ మొన చిట్లుతుంది. ముందు టూల్‌ను వెనక్కి లాగి తర్వాతే మిషన్ ఎక్కించాలి. వేసవి కరెంటు కోతల్లో రోజుకు నాలుగైదు సార్లు ఈ పరీక్ష. 2012లో ఉమ్మడి రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడేలు పెట్టినప్పుడు కుర్రాళ్లు వారంలో పని దొరికిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. రోజుకూలి లెక్కన చేరినవాడికి కరెంటు లేని రోజు జీతం లేని రోజు. గది అద్దెకు మాత్రం సెలవు లేదు.

ఒళ్లు ఏమయ్యేదో కూడా చెప్పాలి. బీడు (పోత ఇనుము) తిప్పే షెడ్డులో కూలెంట్ వాడరు, నీళ్లు తగిలితే ఆ పొడి బురదై స్లైడ్లలోకి పోతుంది. పొడిగానే తిప్పాలి. సాయంత్రానికి ముక్కు చీదితే నలుపు, ఉమ్మితే నలుపు. పైగా బీడు పోత పైపొర ఇసుకతో గట్టిగా ఉంటుంది, మొదటి కోత ఆ పొర కిందికి దిగేలా లోతుగా వేయాలి. భయపడి పైపైన వేసిన కుర్రాడి టూల్ క్షణంలో మొద్దుబారుతుంది. భయపడితేనే నష్టం అని ఆ పని నేర్పుతుంది కానీ, భయం పోవడానికి ముందు ఎన్ని టూళ్లు పోతాయో!

ఉక్కు తిప్పే షెడ్డులో కూలెంట్. ఒక పాలు నూనెకు ఇరవై పాళ్లు నీళ్లు. నీళ్లలో నూనె పోయాలి గానీ నూనెలో నీళ్లు పోస్తే సరిగ్గా కలవదు, గడ్డలు కడుతుంది. ఆదివారం పంపు ఆగి ఉంటుంది, మిషన్ల నూనె కారి పైన తెట్టు కడుతుంది, గాలి తగలని ద్రావణంలో క్రిములు పెరుగుతాయి. సోమవారం పొద్దున పంపు వేయగానే కుళ్లిన గుడ్ల కంపు. ఆ ద్రావణంలో రోజంతా నానిన చేతులకు వేళ్ల సందుల్లో దురద, పగుళ్లు. సాయంత్రం రంపపు పొట్టు, బట్టల సబ్బు కలిపి రుద్దితే నలుపు పోయేది, మంట మిగిలేది. కొందరు కిరసనాయిలుతో కడిగేవారు, దానితో చర్మంలో ఉన్న కాస్త జిడ్డూ పోయి పగుళ్లు ఇంకా పెరిగేవి. కడుక్కున్నాక చేతులకు కాస్త కొబ్బరినూనె రాసుకోమని చెప్పే అన్న ఒక్కడు ఉన్న షెడ్డులో ఈ బాధ సగం తగ్గేది.

కంట్లో రజను పడటం మామూలు. అనుభవజ్ఞులమని చెప్పుకునేవాళ్లు చేతిరుమాలు కొస మెలిపెట్టి తీసేవారు. అది చాలా పెద్ద తప్పు. నల్లగుడ్డు మీద దిగిన ఇనుప రజను ఒక్క రోజులోనే తుప్పు వలయం కడుతుంది, పైన ముక్క పోయినా ఆ తుప్పు ఉంటుంది, డాక్టరే తీయాలి. కళ్లద్దాలు పెట్టుకుంటే "హీరోలా వచ్చాడు" అని నవ్వే చోట కుర్రాడు అద్దాలు జేబులో పెట్టుకుంటాడు. ఆ నవ్విన వాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. చక్ చాబీ విషయంలో మాత్రం ఎవరూ నవ్వేవారు కాదు: చాబీ చక్‌లో ఉన్నంతసేపూ చేయి చాబీ మీదే ఉండాలి. చక్‌లో మరిచి స్విచ్ వేస్తే అది తూటాలా లేస్తుంది. పొడుగు చిప్ చుట్టుకుంటే చేత్తో లాగకూడదు, కొక్కెంతో లాగాలి. చేతికి తొడుగులు, మణికట్టుకు దారాలు, జారే చొక్కా చేతులు, ఇవేవీ తిరిగే జాబ్ దగ్గరికి రాకూడదు. ఇంటి దగ్గర అమ్మ కట్టిన తాయెత్తు విప్పి పెట్టెలో పెట్టమంటే కొందరు పిల్లలకు కళ్లలో నీళ్లు తిరిగేవి.

దెబ్బ తగిలితే? ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) కార్డు ఉన్నవాడు సనత్‌నగర్ ఆస్పత్రికి పోయేవాడు. కార్డు లేనివాడు సందు చివర ఆర్‌ఎంపీ దగ్గరికి. కరెంటుతో నడిచే షెడ్డులో పది మంది పనిచేస్తే ఫ్యాక్టరీల చట్టం, ఈఎస్ఐ వర్తించేవి. కాబట్టి పన్నెండు మంది చెమటోడ్చే చోట తొమ్మిది పేర్లతోనే ఆగిపోయే రిజిస్టర్లు ఉండేవి. ఆ తొమ్మిదిలో కొత్త కుర్రాడి పేరు ఎప్పుడూ ఉండదు. వారానికి 48 గంటలు దాటితే రెట్టింపు కూలి అని 1948 నుంచీ చట్టంలో ఉంది. ఓవర్‌టైం అంటే మామూలు రేటే అనుకుని పెరిగిన కుర్రాళ్లు, ఆ మాట వేరే కంపెనీలో చేరాకే విన్నారు.

షిఫ్టులున్న చోట ఆరు నుంచి రెండు, రెండు నుంచి పది, పది నుంచి ఆరు. వారం వారం మారుతుంది. రాత్రి షిఫ్టు వారం అసలు కష్టం పగటి నిద్ర. చింతల్‌లోనో, జగద్గిరిగుట్టలోనో నలుగురు కలిసి ఉండే రేకుల గది, మధ్యాహ్నం పన్నెండుకు పెనంలా కాలుతుంది. తడి గోనెసంచి కిటికీకి కట్టుకుని, నేల మీద నీళ్లు చల్లి పడుకునేవారు. మూడో రాత్రికి కళ్లు మూతపడతాయి, నాలుగో రాత్రికి 0.5 మి.మీ. గీత తప్పుతుంది. స్క్రాప్ రిజిస్టర్లో ఎవరి పేరు, ఎన్ని ముక్కలు అని రాసేవారు. ఏ షిఫ్టు, ఎన్నో రాత్రి అని రాసి ఉంటే ఆ రిజిస్టరే చాలా చెప్పేది.

ఎనిమిది గంటలు సిమెంటు నేల మీద నిలబడితే సాయంత్రానికి చెప్పులు పట్టవు. లేతు ముందు నాలుగు చెక్క పట్టీలు మేకులు కొట్టి పరిస్తే చిప్స్ సందుల్లోంచి కిందికి పోతాయి, కాళ్లకు నేల చల్లదనం, గట్టిదనం తగలవు. పాత ప్యాకింగ్ పెట్టెల చెక్కతో అరగంటలో అయ్యే పని. అది ఉన్న షెడ్డు యజమాని ఒకప్పుడు తానే లేతు మీద నిలబడ్డవాడని చూడగానే తెలిసిపోయేది.

మంచి రోజులు లేవని కాదు. దసరాకు ముందు రోజు మిషన్లన్నీ కిరసనాయిలుతో కడిగి, బెడ్‌కు నూనె రాసి, చక్‌కు బంతిపూల దండ వేసేవారు. హెల్పర్ కుర్రాడే ఎక్కువ కడిగేవాడు, వాడి మిషన్ కాకపోయినా. కడిగేటప్పుడే వాడికి గేర్లన్నీ కనపడేవి. ఏది తిరిగితే ఏది తిరుగుతుందో, ఆట ఎక్కడ ఉందో, బెడ్ ఎక్కడ అరిగిందో వేలికి తగిలేది. ఆరు నెలల్లో ఎవరూ చెప్పనిది ఆ ఒక్క మధ్యాహ్నం తెలిసేది. దసరా తర్వాత మానేసిన కుర్రాళ్లు తక్కువ.

ఇంకొకటి టూల్ సానబట్టడం. హైస్పీడ్ స్టీల్ టూల్‌ను మామూలు రాయి మీద నీళ్లలో ముంచుతూ పట్టొచ్చు. కార్బైడ్ మొనకు ఆకుపచ్చ రాయి కావాలి, కాలిన మొనను నీళ్లలో ముంచితే వెంట్రుకవాసి పగుళ్లు పడతాయి, కోత మొదలవగానే రాలిపోతుంది. రాయికీ రెస్టుకీ మధ్య సందు 3 మి.మీ. దాటకూడదు. తాను సానబట్టిన టూల్‌తో, 50 మి.మీ. జాబ్ నిమిషానికి 190 చుట్ల దగ్గర పెట్టి, చిప్ చుట్టలు చుట్టలుగా ఒకే రంగులో రాలడం చూసిన కుర్రాడి ముఖం చూడాలి.

కానీ ఎంత బాగా సానబట్టినా టూల్ మొన సరిగ్గా సెంటర్ ఎత్తులో ఉండాలి. కాస్త కిందికి ఉంటే జాబ్ కొస ముఖం చదును చేసినప్పుడు మధ్యలో చిన్న బొడిపె మిగిలిపోతుంది, పైకి ఉంటే కోయకుండా రాసుకుంటుంది. ఎత్తు సర్దడానికి టూల్ కింద ప్యాకింగ్ ముక్కలు కావాలి. విరిగిన చేతి హాక్సా బ్లేడు ముక్క సుమారు 0.65 మి.మీ., పవర్ హాక్సాది సుమారు 2 మి.మీ. పళ్లు రాయి మీద అరగదీసి, అంచులు చదును చేసి, మందం ప్రకారం వేరుచేసి ప్రతి ఉస్తాద్ ఒక పాత జర్దా డబ్బాలో దాచుకునేవాడు. కొత్త కుర్రాడు రేకు ముక్కలు, అట్టముక్కలు పెట్టుకునేవాడు. అట్ట నలిగి, కోత మధ్యలో టూల్ కిందికి దిగేది.

హెల్పర్‌గా విరగ్గొట్టి, కూలిలోంచి కోయించుకున్న బ్లేడు ముక్కలే ఆ డబ్బాలో ఉండేవి. వాటిని పారేయకుండా ఏరి, పళ్లు అరగదీసుకుని, తనకంటూ ఒక డబ్బా పెట్టుకున్న కుర్రాళ్లు ఉన్నారు. ఇప్పుడు సీఎన్‌సీలు (కంప్యూటర్ నడిపే మిషన్లు) వచ్చాక టూల్ ఎత్తు హోల్డరే చూసుకుంటుంది, ఆ డబ్బాల అవసరం తగ్గింది. బాలానగర్‌లో పాత లేతు అమ్మకానికి పెట్టిన షెడ్డుకు ఎప్పుడైనా పోతే టెయిల్ స్టాక్ కింది అరలో చేయి పెట్టి చూడండి. తుప్పు పట్టిన మూత కింద, మందం ప్రకారం పేర్చిన బ్లేడు ముక్కలు ఇంకా దొరుకుతాయి.